పదిహేడో రోజు దాకా

మృణాళిని మొదటిసారి ఆ దుకాణానికి వచ్చినప్పుడు నూకరత్నం ఒక బోటు తాలూకు జీపీఎస్ బోర్డును బకెట్లో ముంచి, పళ్లు తోముకునే బ్రష్షుతో రుద్దుతోంది. మృణాళిని గుమ్మంలోనే ఆగిపోయింది. ఎలక్ట్రానిక్ వస్తువును నీళ్లలో కడిగే మనిషిని ఆమె అంతవరకు చూడలేదు.

"ఉప్పునీట్లో పడొచ్చింది మేడం," అంది రత్నం తలెత్తకుండానే. "ఉప్పున్నంతసేపూ అది గాల్లో చెమ్మ లాగతానే ఉంటాది. ముందు మంచినీళ్లతో ఉప్పు వదలగొట్టాలి. ఆరబెట్టడం ఆ తరవాత."

విశాఖపట్నం చేపలరేవుకు వెళ్లే దారిలో, వలలు బాగుచేసే షెడ్డుకూ ఐసు ఫ్యాక్టరీకీ మధ్య ఇరికించినట్టు ఉంటుంది ఆ దుకాణం. బోట్ల మీద వాడే జీపీఎస్‌లు, వైర్‌లెస్ సెట్లు, నీటి అడుగున చేపల గుంపు జాడ చెప్పే సౌండర్లు చెడిపోతే అక్కడికే వస్తాయి. రత్నానికి నలభై ఒకటి. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివిన జాలరిపేట ఆడపిల్లల్లో ఆమే మొదటిది. పెళ్లయిన కొత్తలో ఇంటి అరుగు మీద మొదలుపెట్టిన పని ఇది. ఇప్పుడు కాకినాడ నుంచి కూడా ఆమె కోసం బోర్డులు వస్తాయి.

మృణాళిని బీచ్ రోడ్డు చివర ఉన్న సముద్ర పరిశోధనశాలలో శాస్త్రవేత్త. యాభై ఏడేళ్ల మనిషి, ఒంటరి, మాట పొదుపు. స్టూలు మీద కూర్చుని తన కష్టం చెప్పుకుంది. ఆమె దగ్గర ఒక చిప్ ఉంది. దాన్ని ద్రవ నత్రజనితో సున్నాకు నూట ఎనభై డిగ్రీల కిందికి చల్లబరిస్తే గాని అది పనిచెయ్యదు. చల్లబరిస్తే చుట్టూ ఉన్న మదర్‌బోర్డు మీద గాలిలోని తేమ మంచుగా పేరుకుంటుంది, కరిగి నీళ్లవుతుంది, బోర్డు కాలిపోతుంది. బెంగుళూరులో ఇద్దరు ఇంజనీర్లు సిద్ధం చేసి పంపిన బోర్డులు రెండూ ఈ ఊళ్లో పట్టుమని పది నిమిషాలు నిలబడలేదు. ఇక్కడి గాలిలో అంత తడి ఉంటుందని వాళ్లకు తెలియదు. బోట్ల వాళ్లను అడిగితే అందరూ ఒకే పేరు చెప్పారట.

"అంత చల్లబెట్టి ఏం చేస్తారు మేడం దాంతోటి?"

మృణాళిని కాసేపు మాటలు వెతుక్కుంది. మామూలు కంప్యూటరు పలక లాంటిదని చెప్పింది. కొత్త అంకె వెయ్యాలంటే పాత అంకె తుడిచేస్తుంది. ఈ చిప్ దేన్నీ తుడవదు. అందుకే వచ్చిన దారినే అడుగు తప్పకుండా వెనక్కి నడవగలదు. సముద్రంలో ఒక వస్తువు ఫలానా రోజున ఫలానా చోట దొరికిందని చెబితే, ఆ రోజు నుంచి గాలినీ అలలనూ నీటి వాలునూ వెనక్కి తిప్పి, అది ఎక్కడ బయల్దేరిందో చూపిస్తుంది. గదిలో ఉండే పాటి వేడికే దాని అంకెలు వణుకుతాయి, ఒక్క అంకె వణికినా దారంతా తప్పుతుంది. ఆ చలిలో అయితే కదలకుండా నిలబడతాయి.

రత్నం బ్రష్షు ఆపింది.

"ఎన్నాళ్లు వెనక్కెళ్తాది?"

"ఆ రోజుల గాలి, అలల లెక్కలు మా దగ్గరున్నంతవరకు. ఇరవై ఏళ్లవి ఉన్నాయి."

రత్నం బోర్డును నీళ్లలోంచి తీసి, దులిపి, గుడ్డ మీద బోర్లించింది. ఎప్పుడు రమ్మంటారని మాత్రం అడిగింది.

ఆమె భర్త దానయ్య పదకొండేళ్ల కిందట వేటకెళ్లి తిరిగి రాలేదు. దసరా వెళ్లిన వారం అది. ఏడుగురు ఎక్కిన బోటు కళింగపట్నానికి ఎదురుగా అరవై కిలోమీటర్ల దూరంలో ఉండగా ఇంజను ఆగిపోయిందని పక్క బోటుకు వైర్‌లెస్‌లో చెప్పారు. మర్నాటికి తుఫాను పట్టుకుంది. పది రోజులు గాలించి ఆపేశారు. పన్నెండో రోజున పేట పెద్దలు ఏడు ఇళ్లలోనూ పెద్దదినం కర్మలు చేయించేశారు. ఆ తర్వాత, బోటు మాయమైన నలభై ఎనిమిదో రోజున, శ్రీలంకలో ట్రింకోమలీ దగ్గర ఒడ్డున, వల మునగకుండా కట్టే బెండు ఒకటి దొరికింది. దాని మీద ఆ బోటు నంబరు పెయింటుతో రాసి ఉంది. అక్కడి చర్చి ఫాదర్ ఒకాయన తేదీ, చోటు రాసి ఉత్తరం పంపాడు. బోటు తుఫానులోనే మునిగిందని, బెండు ఒక్కటీ కొట్టుకుపోయిందని అందరూ అనుకున్నారు. రత్నం కూడా అలాగే అనుకోవడానికి పదకొండేళ్లుగా ప్రయత్నిస్తోంది. బట్టలు ఆరేస్తున్నప్పుడో, బస్సు కోసం నిలబడ్డప్పుడో ఉన్నట్టుండి ఆమె చెవులు వెనక్కి తిరిగేవి. దానయ్యలా చెప్పులు ఈడ్చి నడిచే మగవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు.

* * *

మృణాళిని ప్రయోగశాలలో ఒక మూల గదిని రత్నానికి అప్పగించారు. మొదటి రోజే ఆమె ఏసీ ఆపించి కిటికీలు తెరిపించింది. ఇక్కడి గాలిలోనే పని చెయ్యాల్సిన బోర్డును ఇక్కడి గాలిలోనే సిద్ధం చెయ్యాలంది.

బోర్డు మీది చిన్న బ్యాటరీని, చల్లదనం కోసం బిగించిన అల్యూమినియం ముక్కలను విప్పి పక్కన పెట్టింది. బోర్డంతా స్పిరిట్‌తో తుడిచింది. వేలి జిడ్డు మిగిలినా పూత పట్టదు. చిప్ కూర్చునే గడి మీద, మెమరీ కార్డుల గాడుల మీద, తీగలు దూరే మూతుల మీద టేపు అంటించింది. మిగిలిన చోటల్లా సన్నని కుంచెతో వార్నిష్ లాంటి పారదర్శకపు పూత పూసింది. ముందువైపు మూడు పూతలు, వెనకవైపు మూడు పూతలు. పూతకూ పూతకూ మధ్య ఒక రోజు ఆరనిచ్చింది. మృణాళిని తొందరపడినా వినలేదు. ఆరని పూత కింద గాలి బుడగ మిగిలితే చాలు, చెమ్మ అక్కడే ఇల్లు కట్టుకుంటుందని చెప్పింది.

తర్వాత టేపులు పీకి గాడుల్లోకి సిరంజితో గ్రీజు ఎక్కించింది. గాలికి చోటు లేకపోతే నీటికీ చోటుండదు. బొమ్మలు వేసేవాళ్లు వాడే మెత్తని రబ్బరు ముద్దను గోరువెచ్చని చేతుల్లో పిసికి, చిప్ గడి చుట్టూ ఉన్న చిన్న చిన్న భాగాల సందుల్లో కూరి చదును చేసింది. దాని మీద, బోట్లలో ఇంజను గది గోడలకు అంటించే నల్ల స్పాంజిని కత్తిరించి పరిచింది.

చివరికి బోర్డును తిప్పి, వెనకవైపు చిప్ గడికి సరిగ్గా కింద ఉండే చోటు మీద వేలు పెట్టింది.

"మీవోళ్లు ఇది మర్చిపోనారు మేడం. చలి ఇటునుంచి అటు ఎళ్లిపోతాది. పైనంతా బాగానే ఉందని మీరు చూస్తా ఉంటారు, ఇక్కడ కింద చెమట పడతా ఉంటాది."

అక్కడ కూడా స్పాంజి రెండు వరసలు వేసి, గట్టి రేకుతో బిగించింది. చిప్ మీద పొడవాటి రాగి చెంబు లాంటి పాత్రను కూర్చోబెట్టి, నాలుగు మూలలా మరలు ఒక్కొక్క చుట్టు చొప్పున సమంగా తిప్పింది. ఉష్ణోగ్రత చెప్పే సన్నని తీగను పాత్ర అడుగున దూర్చింది. ఇదంతా అయ్యేసరికి తొమ్మిది రోజులు పట్టింది.

ద్రవ నత్రజని పశువుల ఆసుపత్రులకు దాన్ని సరఫరా చేసే లారీలోనే వచ్చింది. ఉదయం పదింటికి మృణాళిని తొడుగులు వేసుకుని, రాగి పాత్రలో గరిటెతో కొంచెం కొంచెంగా పోసింది. తెల్లని పొగ పాత్ర అంచు దాటి బల్ల మీదికి, బల్ల మీంచి నేలకు జారింది. మైనస్ అరవై, మైనస్ నూట పది, మైనస్ నూట ఎనభై నాలుగు. పాత్ర చుట్టూ మంచు పువ్వుల్లా విచ్చుకుంది. రత్నం కళ్లు పాత్ర మీద లేవు. బోర్డు అంచున, స్పాంజి ఆగిపోయే చోట ఆమె చూపుడు వేలు ఆనించి ఉంచింది. నలభై నిమిషాల తర్వాత కూడా ఆ వేలు పొడిగానే ఉంది.

ఆ పరీక్ష కోసం పరిశోధనశాల వాళ్లు ఆరు నెలల కిందట సముద్రంలో వదిలిన, తేలుతూ పోయే బోయాను వాడారు. దొరికిన చోటు మాత్రమే చిప్‌కు చెప్పి, వదిలిన చోటు దాచారు. చిప్ వెనక్కి నడిచి చూపించిన చోటుకూ అసలు చోటుకూ మూడు కిలోమీటర్ల తేడా. మృణాళిని తొడుగులు తీసి కళ్లజోడు తుడుచుకుంది. పద్నాలుగేళ్ల పని అది. ఆమె వెంటనే కంప్యూటరు తెర ఆపి బోర్డు తీయబోతే రత్నం చెయ్యి పట్టుకుని ఆపింది. గది వేడికి వచ్చేదాకా వేడిగాలి తగిలిస్తూ సాయంత్రం వరకు దాన్ని కదలనివ్వలేదు.

ఆ సాయంత్రమే ఆమె సంచిలోంచి ఫాదర్ రాసిన ఉత్తరం తీసి బల్ల మీద పెట్టింది.

మృణాళిని ఉత్తరం రెండుసార్లు చదివింది. చిప్ ఎన్నిసార్లయినా చల్లబడేది కాదని చెప్పింది. చల్లబడి వేడెక్కిన ప్రతిసారీ దాని అడుగున ఉన్న సన్నని టంకపు పూసలు కొన్ని చిట్లుతాయి. ఇలాంటిది ఇంకొకటి తయారు కావాలంటే ఎన్నేళ్లు పడుతుందో తెలియదు. మహా అయితే ఇంకో రెండుసార్లు. అయినా పొడవాటి ప్రయాణం మీద ఒక పరీక్ష ఎలాగూ చెయ్యాలి కాబట్టి ఆ పరీక్ష దీంతోనే చేద్దామంది. తర్వాత ఉత్తరం మడిచి ఇస్తూ అంది.

"ఒక్కటి మాత్రం ఆలోచించుకో రత్నం. తెలిశాక, తెలియనప్పటిలా ఉండలేవు."

"తెలియకుండా ఎలాగుంటాదో మీకు తెలీదు మేడం," అంది రత్నం.

* * *

రెండో పరీక్ష మూడు గంటలు సాగింది. లెక్క చిక్కుగానే ఉంది. రెండు కొసలు తెలుసు. బోటు చివరిసారి మాట్లాడిన చోటు ఒకటి, బెండు దొరికిన చోటు ఇంకొకటి. మధ్యలో నలభై ఎనిమిది రోజులు. ఒంటరి బెండును గాలి తోస్తుంది, అది త్వరగా పోతుంది. బోటుకు కట్టి ఉన్న బెండు బోటు బరువుతో నీటి వాలున మెల్లగా పోతుంది. బోటు మొదటి రోజే మునిగిందనుకుంటే వెనక్కి నడిచిన దారి ఎక్కడో బర్మా వైపు తేలింది. మూడో రోజనుకున్నా కలవలేదు. ఐదు, ఎనిమిది, పది. ఏదీ కళింగపట్నం వైపు రాలేదు.

మృణాళిని ఇంకో సంగతి జతచేసింది. బోటు మీద కొంత గుడ్డ ఉందని, దానికి గాలి పట్టిందని చిప్‌కు చెప్పింది. అప్పుడు దారి కదిలింది. గీత మెల్లగా ఉత్తరానికి పాకుతూ పాకుతూ, బోటు చివరిసారి మాట్లాడిన చోటుకు రెండు కిలోమీటర్ల దూరంలో ఆగింది.

రత్నం పక్కకు వచ్చి నిలబడింది.

"బోటు తుఫానులో మునగలేదు," అంది మృణాళిని. "పదిహేడు రోజులు తేలింది. ఆరో రోజు నుంచి ఎవరో దానికి తెరచాప కట్టారు. టార్పాలినో, వలగుడ్డో. గాలి వాటం మారినప్పుడల్లా తెరచాప కూడా మారింది. అన్నిసార్లూ ఒడ్డు వైపే."

కంప్యూటరు తెర మీద పదకొండో రోజు బోటు ఉన్న చోటు అంతర్వేది దీపస్తంభానికి ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. ఆ దీపం అంతదూరం కనిపిస్తుంది. వెతకడం ఆపేసిన మర్నాడు అది. పదిహేడో రోజున నిజాంపట్నానికి తూర్పున బెండు బోటును విడిచిపెట్టింది. అక్కణ్నుంచి దారి బెండుదే గాని బోటుది కాదు.

"ఆ తరవాత?"

"బెండుకు తెలిసినంతవరకే ఇది చెప్పగలదు. నత్రజని అయిపోయింది. అక్కణ్నుంచి బోటును ముందుకు నడిపించి చూడాలంటే మళ్లీ చల్లబరచాలి." మృణాళిని ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "మూడోది నీకే. మాట ఇస్తున్నాను."

రత్నం ఇంటికి నడిచి వెళ్లింది. ఐదు కిలోమీటర్ల దారి. సముద్రం ఎడమపక్కనే ఉంది, ఆమె ఒక్కసారీ అటు చూడలేదు. పదకొండేళ్లుగా ఆమె మనసులో దానయ్య ఒక్క అలతో పోయాడు. క్షణంలో పోయాడు, బాధ తెలియకుండా పోయాడు. ఆ ఒక్క అలను ఆమె కూడగట్టుకుని, అరగదీసి, పట్టుకోవడానికి వీలుగా చేసుకుంది. ఇప్పుడు అది చేతిలో లేదు. దాని బదులు ఒక మనిషి ఎండలో కూర్చుని తెరచాప మారుస్తున్నాడు.

అత్త గురమ్మ పేటలో ఎండుచేపలు ఆరబెట్టే ఇసక మీద ఉంది. ఆ ముసలామెకు ఈ సంగతి చెప్పకూడదని రత్నం దారి పొడుగునా అనుకుంటూనే వచ్చింది. మొహం చూడగానే దాచలేకపోయింది. గురమ్మ అంతా విని, ఆరబెట్టిన చేపలను తిరగెయ్యడం పూర్తి చేసి, లేచి ఇంటికి వెళ్లిపోయింది. మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు అన్నం ముందు కూర్చుని అంది.

"పన్నెండో దినాన ఆడికి పెద్దదినం సేయించినారు గదే. నాను ఏడ్సి, కూడొండి, కాకులకెట్టినాను." ఆమె కంచంలోకే చూస్తోంది. "అప్పుడు ఆడు బతికున్నాడు. ఆకలి మీదున్నాడు."

రత్నం ముద్ద కలిపి ఆమె చేతిలో పెట్టింది.

వారం గడిచాక గురమ్మ ఇంకో మాట పట్టుకుంది. పదిహేడో దినం తరవాత ఏమైంది? తెరచాప ఒడ్డు వైపే కట్టారంటే ఎక్కడో ఒడ్డెక్కి ఉండొచ్చు కదా. మతిపోయి, మాట పోయి, ఏ దిక్కున ఎవరి పంచనో ఉన్నాడేమో. మొదట్లో రత్నం కొట్టిపారేసింది. తర్వాత తానే దుకాణానికి పటం తెచ్చుకుని నిజాంపట్నం నుంచి కిందికి ఒక్కో ఊరి పేరూ చదవడం మొదలుపెట్టింది. మిగిలిన ఆరుగురి ఇళ్లకూ ఈ కబురు చెప్పాలి. చివర తెలిశాక చెబుదామని ఆపుకుంది. మీ మిషను మళ్లీ ఎప్పుడు పెడతారే అని గురమ్మ రోజూ అడిగేది. ఆ అడగడంలో ఆమె గొంతుకు వయసు తగ్గిపోయేది. ఇద్దరు ఆడవాళ్లూ పదకొండేళ్ల తర్వాత మళ్లీ ఎదురుచూడటం మొదలుపెట్టారు. మొదటిసారి కంటే అది కష్టంగా ఉంది.

* * *

నత్రజని లారీ వచ్చే రోజు ఖాయమైంది. రత్నం బోర్డు పాత పూత గీకేసి మళ్లీ మొదటి నుంచి సిద్ధం చేసింది. చిప్‌ను ఎక్స్‌రే తీస్తే అడుగున మూడో వంతు పూసలు చిట్లి కనిపించాయి. ఇంకొక్కసారి, అంతేనని మృణాళిని తేల్చేసింది.

లారీ రావడానికి వారం ముందు భీమిలి బోటు ఒకటి కనిపించకుండా పోయింది. ఐదుగురు ఉన్నారు. మూడు రోజులుగా వాన, పెద్ద అల. హెలికాప్టర్ ఎగరలేకపోతోంది. నాలుగో రోజు పొద్దున ఒక సరుకుల ఓడ వాళ్లు ఆ బోటు ఐసుపెట్టెను తేలుతుండగా చూసి, తేదీ, గంట, చోటు చెప్పారు. బోటును ఏ దిక్కున వెతకాలో ఎవరికీ తెలియదు. వెతకాల్సిన నీరు జిల్లా అంత ఉంది.

రత్నం ప్రయోగశాలకు వచ్చేసరికి గేటు దగ్గర నలుగురు ఆడవాళ్లు వానలో నిలబడి ఉన్నారు. ఎవరో వీళ్లకు చెప్పారు, ఇక్కడ సముద్రాన్ని వెనక్కి తిప్పే మిషను ఉందని. ఒకామె చంకలో పాలుతాగే పిల్ల ఉంది. రత్నం వాళ్లను దాటుకుని లోపలికి వెళ్లింది.

మృణాళిని కిటికీ దగ్గర ఉంది. ఆ మూడోసారి వదులుకోమని ఆమె అడగలేదు. ఐసుపెట్టె నుంచి బోటు దాకా వెనక్కి నడిచి, అక్కడి నుంచి బోటు బరువుతో ఈ రోజుకు ముందుకు నడిస్తే వెతకాల్సిన చోటు పది కిలోమీటర్ల లోపుకు వస్తుందని మాత్రం చెప్పింది. మాట ఇచ్చింది కాబట్టి రత్నం ఏమంటే అదేనంది.

రత్నం నోటికి వచ్చిన మొదటి మాట, రేపు చెప్తాననే. అన్నాక ఆ మాట తన చెవికే వినిపించింది. ఆమెకు సిగ్గు కాదు, కోపం వచ్చింది. ఎవరి మీద కోపమో తెలియదు. ఆటో ఎక్కి పేటకు వెళ్లింది. గురమ్మ వాకిట్లో చూరు కింద కూర్చుని వల ముడులు విప్పుతోంది. రత్నం నిలబడే చెప్పేసింది. భీమిలి బోటు, ఐదుగురు, ఒక్కసారే మిగిలిన చిప్.

గురమ్మ చేతులు ఆగాయి. రత్నం మనసులో ఎక్కడో, ఈవిడ వద్దనాలి, నా బదులు ఈవిడే వద్దనాలి అనుకుంది. అలా అనుకున్నట్టు జీవితాంతం ఎవరికీ చెప్పలేదు.

"మనోడు ఎల్లిపోనాడే," అంది గురమ్మ చివరికి. "ఎక్కడికో ఎల్లిపోనాడు. ఈల్లింకా ఎల్లలేదు గదా."

రత్నం ఒంటి గంటకల్లా తిరిగి వచ్చింది. పశువుల ఆసుపత్రి వాళ్లను బతిమాలి ఉన్న నత్రజని పోగు చేశారు. సిద్ధం చేసిన బోర్డు సిద్ధంగానే ఉంది గాని, ఇంత వానలో, ఇంత తడి గాలిలో దాన్ని ఎవరూ నడిపించలేదు. రత్నం స్పాంజి మీద ఇంకో వరస వేసింది, అంచులన్నీ మళ్లీ గ్రీజుతో మూసింది. మరలు బిగించేటప్పుడు ఆమె చెయ్యి ఒక్క క్షణం రాగి పాత్ర మీద ఆగింది. కావాలంటే ఒక మర కొంచెం వదులుగా ఉంచితే చాలు, ఇవాళ్టికి ఈ పని జరగదు. ఆ ఆలోచన వచ్చింది, అది రావడం ఆమె చూసింది. చూసి, నాలుగు మరలూ సమంగా బిగించింది.

పోస్తుండగానే పాత్ర చుట్టూ మంచు ముందెప్పుడూ లేనంత మందంగా పేరుకుంది. ఇరవయ్యో నిమిషంలో బోర్డు అంచున రత్నం వేలికి చల్లగా తగిలింది. ఒక చుక్క. ఆమె చీర కొంగుతో అద్దింది. ఇంకో చుక్క, మళ్లీ అద్దింది. మృణాళిని పోస్తూనే ఉంది, రత్నం అద్దుతూనే ఉంది, గీత తెర మీద వెనక్కి వెళ్లి, ఆగి, ముందుకు తిరిగింది. ముప్పై ఎనిమిదో నిమిషంలో తెర మీద ఒక చోటు నిలిచింది. మృణాళిని ఆ అంకెలను చేత్తో కాగితం మీద రాసుకుంది. ఆమె కలం ఎత్తేలోపే చిప్ అడుగున సన్నగా గాజు చిట్లినట్టు చప్పుడైంది. తెర ఆరిపోయింది.

ఆ అంకెలు వైర్‌లెస్‌లో వెళ్లాయి. అవి చూపిన చోటుకు ఏడు కిలోమీటర్ల దూరంలో మర్నాడు మధ్యాహ్నం మబ్బు విడిచాక భీమిలి బోటు కనిపించింది. వాళ్లు నీళ్ల మీద ఉండటం అది ఐదో రోజు. ఒడ్డుకు తెచ్చేసరికి ఆరో రోజైంది. నలుగురు బతికి ఉన్నారు. ఐదో మనిషి నాలుగో రోజే పోయాడు, వాళ్లు అతన్ని వదలకుండా టార్పాలిన్‌లో చుట్టి తెచ్చుకున్నారు. రేవు నిండా జనం. రత్నం వెళ్లలేదు. ఆ పూట దుకాణంలో కూర్చుని ఒక సౌండర్ బోర్డు కడిగింది.

తర్వాతి వారం ఆమె మిగిలిన ఆరుగురి ఇళ్లకూ వెళ్లి, తెలిసినంతవరకు చెప్పింది. ఒకామె ఆమె చేతులు పట్టుకుంది. ఒకామె తలుపు వేసేసుకుంది. చిప్ ముక్కలను మృణాళిని చిన్న డబ్బాలో దాచింది. కొత్తదాని కోసం మళ్లీ అర్జీలు రాయడం మొదలుపెట్టింది. ఆరేళ్లు పడుతుందో, పదో. రత్నం ఆమెతో, అప్పుడు బోర్డు పని తనకే ఇవ్వమని చెప్పింది.

ఇరవై రోజుల తర్వాత రత్నం భీమిలి వెళ్లింది. బతికి వచ్చినవాళ్లలో ఎల్లాజి అనే అతను ఉన్నాడు, పాతికేళ్ల మనిషి. పెదవులు ఇంకా పగుళ్లు పట్టి ఉన్నాయి, ఉప్పునీటికి మొహం చర్మం రేకులుగా లేస్తోంది. వాన రోజున గేటు దగ్గర పిల్లను చంకనేసుకుని నిలబడ్డది అతని పెళ్లామే. ఆమె రత్నాన్ని గుర్తుపట్టి చాప వేసింది. మిషనమ్మ అని ఎల్లాజికి చెప్పింది. అతను దండం పెట్టబోతే రత్నం వారించింది.

"నాను దాని కోసం రాలేదు తమ్ముడూ. ఒక్కటి అడగాలి. బోటు మీద ఉన్న దినాలు, మీరు ఏటి చేసేవోళ్లు? పొద్దున లేచిన కాణ్నుంచి చెప్పు. చిన్నవైనా సరే."

ఎల్లాజి పెళ్లాం వైపు చూశాడు. అలాంటి ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు. అందరూ ఎలా బతికావని అడిగారు. నెమ్మదిగా మొదలుపెట్టాడు. మొదటి రోజంతా ఇంజను విప్పి మళ్లీ కట్టారట. రెండో రోజు వాననీళ్లు టార్పాలిన్‌లో పట్టి, వంతులవారీగా మూత నిండా తాగారు. వంతు దగ్గర ఇద్దరు కొట్టుకున్నారు, తర్వాత ఇద్దరూ ఒకరి వీపు మీద ఒకరు ఆనుకుని కూర్చున్నారు. మధ్యాహ్నాలు మాట్లాడుకునేవాళ్లు. ఏం మాటలని రత్నం అడిగింది. తిండి మాటలేనని అతను నవ్వాడు. ఎవరింట్లో చేపల పులుసు ఎలా ఉంటుంది, చింతపండు ఎంత వేస్తారు, ఎవరి పెళ్లాం ఉప్పు మర్చిపోతుంది. పులుసు గురించి పోట్లాడుకున్నారు కూడా. పెద్దాయన ఒకడు అందరికీ తల మీద గుడ్డ కట్టేవాడు. ఆయనే పోయింది. పోయే ముందు రోజు దాకా ఆయన పాట పాడాడు, గొంతు రాకపోయినా పెదాలు కదిలించేవాడు.

"భయం?"

"మొదట ఉండేదక్కా. తరవాత తరవాత... మాకు మేవే అలవాటైపోనాం."

రత్నం ప్రతిదీ అడిగింది. ఎటు తల పెట్టి పడుకునేవారు, వానకో ఎండకో ఏ మూలకు జరిగేవారు, ఎవరైనా నవ్వారా, దేనికి నవ్వారు. ఎల్లాజి గుర్తు తెచ్చుకుని గుర్తు తెచ్చుకుని చెప్పాడు. మూడో రోజు సంగతి చెప్పాడు, నాలుగో రోజుది చెబుతూ కాసేపు ఆగిపోయాడు, ఐదో రోజుదీ చెప్పాడు. ఆరో రోజు పొద్దున ఒడ్డు కొండ కనిపించినప్పుడు ఎవరూ కేక వెయ్యలేదని, ఒకరి మొహాలు ఒకరు చూసుకోలేదని చెప్పాడు. ఇంతేనక్కా అన్నాడు.

అతని పెళ్లాం టీ తెచ్చి పెట్టింది. పిల్ల పాకుతూ వచ్చి రత్నం కొంగు పట్టుకుంది. ఆరు రోజులూ అయిపోయాయి. దానయ్య రోజులు ఇంకా పదకొండు ఉన్నాయి. రత్నం చాప మీంచి లేవలేదు.